పందికొక్కు పాతర, ఉడుత తొర్ర

నల్లగుట్ట కింది జంతువులన్నిటికీ ఏడాది తిండి ఒకే పాతరలో ఉండేది. నిలువెత్తు గొయ్యి, నిండా జొన్నలు, పైన బండ మూత. కాపలా ముసలి పందికొక్కుది.

"పందికొక్కుకి పాతర అప్పగిస్తారా? బాగుందయ్యా సంబడం!" అని నక్క నలుగురిలో నవ్వి పన్నెండు పంటకోతలు దాటాయి. ముసలాయన ఆ మాట మరవలేదు. తన వాటా తప్ప ఒక్క గింజ నోట వేసుకోనూ లేదు.

ఆయన పద్ధతి ఒకటే. పొద్దున్నే మూత తీస్తాడు. పక్కనున్న వేపచెట్టు నీడ అక్కడి తెల్లరాయిని తాకేదాకా ఎవర్నీ లోపల తల పెట్టనివ్వడు. మూసిన పాతరలో చెడుగాలి పేరుకుంటుంది, పీలిస్తే ప్రాణాల మీదికొస్తుంది. అది పోయాకే గింజ.

ఆగడం ఎవరికిష్టం? కుందేలు కాళ్ళు కొట్టుకునేది. గేదె నిట్టూర్చేది. చెప్పిందే చెప్పి ముసలాయన నోరు ఎండిపోయేది.

ఒకనాడు నక్క అందుకుంది.

"ఏం పెద్దయ్యా, మేం చచ్చాక పెడతావా? ఆలస్యం అమృతం విషం అన్నారు. ఉడుత వదిన తొర్ర చూడు, ఇలా చెయ్యి పెడితే అలా గింజ!"

"నా తొర్రలో మూడు దోసిళ్ళే పడతాయి బావా," అంది ఉడుత భయంగా. "ఊరంతటికీ నేనెక్కడ సరిపోతాను?"

"అయిపోగానే పాతరలోంచి తెచ్చి నింపడానికి నేను లేనూ?"

అందరూ సరేనన్నారు. కుందేలైతే ఎగిరి గంతేసింది.

ముసలాయన వాదించలేదు. ఆ ఓపిక ఎప్పుడో అయిపోయింది. "కుండలో కూడు కుండలో ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలి అంటే ఎట్లా? కానివ్వండి. నక్కా, మూత తీశాక నీడ తెల్లరాయిని తాకేదాకా..."

"నీ నీడ నువ్వే చూసుకో తాతా!"

మొదటి రోజు పండగే. చెట్టు దగ్గరికి వెళ్ళడం, గింజ నోట్లో వేసుకోవడం. రెండో రోజు పొద్దెక్కకముందే తొర్ర ఖాళీ. ఉడుత అడుగు గీకి చూపించింది. పిల్లలు ఏడుపు లంకించుకున్నాయి.

"చిటికెలో తెస్తా!" అని నక్క పరిగెత్తింది. బండ జరిపింది, జరిపీ జరపగానే తల దూర్చింది. అంతే. నడుం దాకా లోపల, తోక బయట, ఉలుకూ లేదు పలుకూ లేదు.

"పెద్దయ్యా, నక్క చచ్చిపోతోంది!" కుందేలు అరుచుకుంటూ వచ్చింది.

ముసలాయన లేచాడు. పన్నెండు కోతల నాటి నవ్వు చెవిలో ఇంకా మోగుతోంది. ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత తోక పళ్ళతో పట్టుకుని లాగాడు. గేదె నక్క వెనక కాలు పట్టి లాగింది. నక్కతో పాటు దాని ముందుకాళ్ళకు చిక్కుకుని ఒక గోనెసంచీ కూడా బయటికొచ్చింది. గేదె పడుకునేంత సంచీ.

అందరూ సంచీ వంక చూశారు.

"మూడు దోసిళ్ళ తొర్రకి ఇంత సంచీ ఎందుకు బావా?" అంది ఉడుత.

నక్క దగ్గుతూ కళ్ళు తెరిచి, సంచీని మెల్లగా కాళ్ళ కిందికి లాక్కోబోయింది.

"పాతర పందికొక్కుకి కాదు, నీకే అప్పగించాల్సింది," అన్నాడు ముసలాయన. తెల్లరాయి పక్కన కూర్చున్నాడు. నీడ తాకేదాకా ఆ రోజు ఒక్కరూ కిక్కురుమనలేదు.

అప్పట్నుంచి సాయంత్రమే ముసలాయన తొర్ర నింపి పెడతాడు. అది పసిపిల్లలకి, చుట్టాలకి. మిగతా ఊరికి పాతరే. తెల్లరాయి దగ్గర నీడ కాపలా మాత్రం నక్కది. ఎవరైనా తొందరపడితే, "ఆగండయ్యా, తాకలేదింకా!" అని అదే అరవాలి. ముసలాయన పక్కనే కూర్చుని రోజూ వింటాడు.

నీతి: చేతికందే తొర్ర పూటకి, లోతైన పాతర ఏడాదికి, ఒకదాని పని రెండోదానికి పెడితే కడుపు మాడుతుంది.