మజ్జిగ వచ్చేలోగా

సుంకన్న సార్ ఏ ప్రశ్నకూ సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. కర్నూలు పాతబస్తీలో పుట్టి పెరిగి, అక్కడి బడిలోనే తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం పొద్దున మా నలుగురైదుగురికి భారతం చెబుతారు. మేం వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ఉర్దూ పేపరు చదువుతూ ఉంటారు. అది ముగిసేదాకా ఎవరొచ్చినా తల ఎత్తరు.

ఆ ఆదివారం పాఠం అయిపోయినా ఇందుమతి గారు లేవలేదు. ఆవిడ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. మేం పద్యం తప్పు చదివితే సార్ కంటే ముందే పట్టేస్తారు. అలాంటి మనిషి కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అడిగారు.

"సార్, తుదీ మొదలూ లేని కథను ఎట్ల మొదలుపెట్టాల?"

భారతం గురించే అనుకున్నాం. కాదట. ఆవిడ కూతురు తన్మయి జపాన్ బొమ్మల కథలు చదువుతుంది, మాంగా అంటారు. ఒకే కథ, ఒకే కుర్రాడు. కత్తి పట్టుకుని ఏళ్ల తరబడి కొట్లాడుతూనే ఉంటాడు. పుస్తకాలు వంద దాటినా యుద్ధం తెమలలేదు. పరీక్షల ముందు ఇందుమతి గారు ఇంట్లో ఉన్నవన్నీ మూటగట్టి అటకెక్కించారు. ఊరుకోక, చెత్త అని కూడా అన్నారు. పరీక్షలయ్యాక దించి ఇచ్చినా ఆ పిల్ల తల్లితో మాట్లాడటం మానేసింది. పిలిస్తే ఊ అంటుంది, ఒక్కోసారి అదీ లేదు. వచ్చే వారం బెంగళూరు హాస్టల్‌కు వెళ్లిపోతోంది.

"ఇట్లనే పోతే ఇంక నాకు దొరకదు సార్. ఆ కథ చదివైనా దానితో మాట కలుపుదామని చూస్తున్నా. ఫోన్లో వెతికి సారాంశం మొత్తం చదివినా. పేర్లన్నీ బట్టీ పట్టినా. ఒక్కటి తప్పు పలికితే నవ్వి తలుపేసుకుంటుందని భయం. పుస్తకం మాత్రం ఇంకా తెరవనే లేదు."

బట్టీ పట్టడంలో ఆవిడను మించినవారు మాలో లేరు. భయపడటం మాత్రం ఆ రోజే చూశాను. నాకే మనసు అదోలా అయిపోయింది.

సార్ పేపరు మడిచి చంకలో పెట్టుకున్నారు. "మీ ఇంట్లో మజ్జిగ దొరుకుతుందా?" అంటూ లేచి నా స్కూటర్ ఎక్కారు.

మేం వెళ్లేసరికి తన్మయి హాల్లో పెట్టె సర్దుకుంటోంది. మాకు నమస్కారం పెట్టింది, తల్లి వైపు చూడలేదు. పెట్టె పక్కన ఆ పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. సార్ చాప మీద కూర్చుని, మొదటి పుస్తకం తీసుకుని, కళ్లద్దాలు సవరించుకుని, మన తెలుగు పుస్తకం తెరిచినట్టే ఎడమ పక్క నుంచి తెరిచారు.

"అయ్యయ్యో, మొదట్లోనే ఈ పిల్లోన్ని పడగొట్టినారే!"

"సార్, అది కుడి..." అని ఇందుమతి గారు అందుకోబోయారు.

"మజ్జిగమ్మా, మజ్జిగ," అన్నారు సార్, తల ఎత్తకుండా.

ఆవిడ మనసొప్పకపోయినా వంటింట్లోకి వెళ్లారు. సార్ ఇంకో పేజీ తిప్పారు. "ఇప్పుడు లేచి నిలబడినాడే? పడినోడు మందూ మాకూ లేకుండా ఎట్ల లేచినాడబ్బా!"

తన్మయి పెదవి బిగబట్టింది. మడత పెడుతున్న చున్నీని మళ్లీ మడత పెట్టింది. ఇక ఉండబట్టలేకపోయింది.

"అట్ల కాదు తాతా. మీరు ఆఖరు నుంచి చదువుతున్నారు. దీన్ని ఈ పక్క నుంచి తెరవాల." పుస్తకం ఆయన చేతుల్లోనే తిప్పి పెట్టి, పక్కన చతికిలబడింది. "ముందు ఈ బొమ్మ చూడాల, తర్వాత దీని ఎడమది. వీడు పడిపోయేది చాలా తర్వాత. అయినా వీన్ని ఓడించడం అంత సులువు కాదు తాతా."

ఆ తర్వాత ఆ పిల్ల నోటికి అడ్డు లేదు. వంటింటి గడపలో ఇందుమతి గారు గ్లాసు పట్టుకుని నిలబడిపోయారు. అడుగు వేస్తే ఆ మాటలు ఎక్కడ ఆగిపోతాయోనని ఆవిడ భయం.

మేం బయల్దేరుతుంటే ఆవిడ వాకిలి దాకా వచ్చారు. సార్ చంకలోని పేపరు వైపు చూసి గొంతు తగ్గించారు. "మీరు రోజూ చదివే ఉర్దూ పేపరు కూడా కుడి నుంచే కదా సార్?"

సార్ చెప్పులు వెతుక్కుంటున్నారు.

లోపలి నుంచి తన్మయి గొంతు వినిపించింది. "అమ్మా, ఈ మొదటి పుస్తకం నీకు ఉంచాల్నా, పెట్టెలో వేసుకోనా?"

ఇందుమతి గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే నోరు తెరిచారు. బట్టీ పట్టిన పేరేదో నాలుక చివరిదాకా వచ్చే ఉంటుంది. సార్ వేలెత్తి ఆపారు.

"ఏ పక్క నుంచి తెరవాలో పాపనే అడుగు, పోమ్మా."