అక్క చూడవచ్చిన సగం గూడు

అనగనగా ఒక అడవిలో, పొద్దెక్కేదాకా మంచు కదలని వాగు ఒడ్డున ఒక ఈతచెట్టు. దాని మీద ముగ్గురు గిజిగాళ్ళు ఉండేవారు. పెద్దవాడు పసిడితల, నడిమివాడు చురుకుముక్కు, చిన్నవాడు దూది. వాళ్ళ అక్క మేఘమ్మ గుడ్లు పెట్టబోతోంది. వానలు రాకముందే గూడు కావాలి. లేదంటే గుడ్లు వాగు పాలే.

"అంతా ఒక్కసారి తలకెత్తుకోవద్దురా," అన్నాడు పసిడితల. "ఈ విడతకు మట్టకు వేసే ముడి, ఉంగరం. అవి అక్కకు చూపిద్దాం. సరే అంటేనే పై విడత."

పిల్లలూ, ఉంగరమంటే వేలికి పెట్టుకునేది కాదు. గడ్డిపోచలతో అల్లిన గుండ్రటి చట్రం. గూడంతా దాన్ని పట్టుకునే నిలుస్తుంది.

రోజూ పొద్దున్నే ముగ్గురూ ఒక మట్ట మీద చేరేవారు. నిన్న ఏం అల్లావు? ఇవాళ ఏం అల్లుతావు? ఎక్కడ చిక్కుపడ్డావు? అంతే, మాటలు ముగిసేవి. ఆ తరువాత మంచులో పచ్చటి పోచలు వాటంతటవే ఎగురుతున్నట్టు ఉండేది.

ఉంగరం అయింది. అక్క వచ్చి ఊగి చూసింది.

"బాగుందిరా. కానీ ఈ మట్ట ఎండిపోతోంది. పై మట్టకు మార్చండి."

మార్చారు. ఒక పూట పని పోయింది, అంతే.

రెండో విడత పైకప్పు, గుడ్ల అర. కప్పు వేశారో లేదో, సందెవేళ చురుకుముక్కుకు మిణుగురులు కనిపించాయి.

"మట్టి మెత్తి వీటిని పొదిగితే గోడంతా చుక్కలే! అక్క నోరెళ్ళబెట్టాలి!"

"ఈ విడతలో దీపాలు లేవు కదన్నా," అన్నాడు దూది.

"నీకేం తెలుసురా, ముక్కు కూడా గట్టిపడలేదు!"

పసిడితల కూడా ఆ వెలుగు చూసి మెత్తబడ్డాడు. ముగ్గురూ కలలో ఉన్నట్టు మట్టి మోస్తూ ఉండిపోయారు.

ఒక తెల్లవారుజామున అక్క వచ్చింది. గోడ మిలమిలలాడుతోంది. లోపలికి దిగబోయింది. కాళ్ళ కింద వాగు కనిపించింది.

"ఒరేయ్, చుక్కలు బాగున్నాయి. గుడ్డు ఎక్కడ పెట్టను?"

దూరాన ఉరిమింది.

చురుకుముక్కే ముందుగా అన్నాడు. "ఇవాళ నువ్వు చూడకపోతే, అర లేదన్న సంగతి మాకు వాగులో పడ్డ గుడ్డే చెప్పేదక్కా." తన ముక్కుతోనే మట్టి రాల్చాడు. మిణుగురులు మంచులోకి తేలిపోయాయి.

"ఇక గుడ్ల అర ఒక్కటే," అన్నాడు పసిడితల. "ఇంకేదీ ముట్టుకోవద్దు."

వాన మొదలయ్యేసరికి, మూడో విడతలో ఎత్తుకున్న వాకిలి గొట్టం, అంటే గూట్లోకి దూరే దారి, ఇంకా పొట్టిగానే ఉంది. అర మాత్రం గట్టిగా ఉంది. గూడు గాలికి మెల్లగా ఊగుతోంది. లోపల అక్క రెక్కల కింద మూడు గుడ్లు. బయట వాన పడుతోందని వాటికి తెలియదు.

నీతి: కొద్ది పని ఎంచుకో, దాన్నే పూర్తి చెయ్యి, ఎవరి కోసం చేశావో వారికి చూపి ముందుకు సాగు.