మూడు గంటల దారి

అనంతాచార్యులు ప్రశ్నకు జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. కాలేజీలో పాఠాలు చెబుతూ, సాయంత్రాలు ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకునే కేదారి ఒకరోజు, మనసులో కోపమన్నదే మొలవకుండా చేసుకోవడం ఎలాగని అడిగాడు. ఆచార్యులు పుస్తకం మూసి, వాకిట్లో కూర్చున్న లచ్చవ్వను చూపించారు. ఆమెకు తోడుగా ఏజెంటు ఆఫీసుదాకా వెళ్లి రమ్మన్నారు.

లచ్చవ్వ భర్త రాజలింగం మస్కట్‌లో తాపీపని చేస్తున్నాడు. ఇక్కడ అతని తల్లి మంచం పట్టింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశారు. కళ్లు తెరిచినప్పుడల్లా కొడుకు పేరే కలవరిస్తోంది. అతని పాస్‌పోర్టేమో కంపెనీ బీరువాలో ఉంది. పని పూర్తయ్యేదాకా ఇచ్చేది లేదన్నారట. పంపించిన ఏజెంటు నరహరి ఒక్క మాట చెబితే ఇస్తారని లచ్చవ్వ ఆశ.

నరహరి చాలా మర్యాదస్థుడు. కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు. కంప్యూటరు తెర వాళ్లవైపు తిప్పి, మస్కట్ నుంచి హైదరాబాద్‌కు విమానం వచ్చే దారి చూపించాడు.

"రెండువేల చిల్లర కిలోమీటర్లు. మూడు గంటల దారి. బొంబాయి నుంచి రైల్ల వచ్చెటోనికన్న ముందొస్తడు. గింత దానికి ఆగమైతరా అమ్మా?"

"దారి దగ్గర్నే ఉన్నది సారూ," అంది లచ్చవ్వ. "మనిషినే ఇడుస్తలేరు."

రూల్సు రూల్సేనని నరహరి నవ్వాడు. కేదారి మెల్లగా నచ్చజెప్పాడు, బతిమాలాడు. మర్నాడూ వెళ్లారు. అదే చాయ్, అదే నవ్వు. ఆ మరునాడు, ముసలామెకు మాట పడిపోయిందని లచ్చవ్వ చెబుతుంటే నరహరి మళ్లీ తెర ఇటు తిప్పబోయాడు. కేదారికి ఒళ్లు మండిపోయింది. బల్ల గుద్దాడు. చాయ్ గ్లాసు దొర్లి నరహరి ఒళ్లో పడింది. ఒకడి పాస్‌పోర్టు ఇంకొకడు దాచుకునే హక్కు ఎవరిచ్చారని బజారంతా వినబడేలా అరిచాడు. జనం పోగయ్యారు. అందులో ఇద్దరు ఆడవాళ్లు తమ ఇంటాయనల సంగతీ ఇంతేనంటూ లోపలికొచ్చారు. అందరూ కలిసి పోలీస్ స్టేషనుకు నడవమన్నాక గానీ నరహరి ఫోను తీయలేదు. తీశాక, నాలుగు ముక్కల్లో పని అయిపోయింది.

విమానం చెప్పిన వేళకే దిగింది. అప్పటికే చితి ఆరిపోయింది. తలకొరివి లచ్చవ్వే పెట్టింది. రాజలింగం భుజాన సంచీ దించకుండా శ్మశానంలోనే చాలాసేపు నిలబడ్డాడు.

ఆ సాయంత్రం కేదారి ఆచార్యుల ముందు తలవంచుకు కూర్చున్నాడు. నిగ్రహం తప్పానని చెప్పుకున్నాడు. ఆ నరహరి మాత్రం అంత గొడవలోనూ గొంతు పెంచలేదని, మొహంలో నవ్వు చెదరలేదని ఆశ్చర్యపోయాడు.

ఆచార్యులు తెరిచిన పుస్తకం మూశారు.

"అయితే, కోపం మొలవని మనిషి దొరికాడన్నమాట," అన్నారు. "ఇక పాఠానికి ఆయన దగ్గరికే వెళ్లరాదూ?"