తీపి దొంగ

తాటిచెట్లు మబ్బులతో ఊసులాడే ఒకానొక ఊళ్లో బాలాగౌడు కల్లు గీసి బతికేవాడు. పొద్దున దించిన తొలి కల్లులొట్టిని గడీలో ఉండే దొరకు పంపడం ఆ ఊరి ఆనవాయితీ. దొర లేచి, స్నానం చేసి, ముంత అందుకునేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది.

ఒకరోజు దొర అతన్ని పిలిపించాడు. "ఏందిరా ఈ పులుపు? మా నాయిన కాలంలో కల్లు తేనెలా ఉండేది. నీ చేతిలో పాడైంది. ఎల్లుండి నుంచి చెట్లన్నీ ఇంకొకడికిస్తా," అన్నాడు.

చెట్లు పోతే బాలాగౌడింట పొయ్యి వెలగదు. పొద్దెక్కితే ఏ కల్లయినా పులుస్తుంది. కానీ ఆలస్యంగా లేస్తున్నారని దొరతో అనేదెవరు?

"నిజమే దొరా, తీపిని రోజూ ఒక దొంగ కాజేస్తున్నాడు. రేపు తెల్లారేసరికి తాటివనానికి రండి, పట్టిస్తా," అన్నాడు.

దొంగను పట్టడమంటే దొరకు మహా సరదా. మంచుతెరలు వీడకముందే కర్ర పుచ్చుకుని చెట్టు కింద కాపు కాశాడు. బాలాగౌడు అప్పుడే దించిన కల్లు తాటాకు దొప్పలో పోసి ఇచ్చాడు. ఒక్క గుక్కకే దొర కళ్లు హాయిగా మూతపడ్డాయి.

"ఇదిరా మా నాయిన కాలం నాటి కల్లు. మరి దొంగేడీ?"

"మీ నిద్రే దొరా. పెద్దదొర ఈ వేళకే ఇక్కడికొచ్చి తాగేవారు. మిమ్మల్నేమో అది మధ్యాహ్నం దాకా పట్టుకుని, ఈ తీపంతా అదే తాగేస్తోంది. ఇవాళ దాన్ని గడీలో వదిలేసి వచ్చారు."

దొర కర్ర ఎత్తాడు. బాలాగౌడు ఒక అడుగు వెనక్కి వేశాడు. దొర ఆ కర్రను చెట్టుకు ఆనించి, నోరంతా తెరిచి ఆవలించాడు.

"చెట్లు నీవేలే. తొందరగా ఇంకో దొప్ప పోయ్. ఆ దొంగ నన్ను వెతుక్కుంటూ ఇటే వస్తున్నట్టుంది."