వీధి వైపు తిరిగిన చెప్పులు

జిలానీకి వాదన అంటే ప్రాణం. తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ ఖాన్‌ఖాలో, అంటే సూఫీ గురువు తన శిష్యులతో కలిసి ఉండే ఇంట్లో, అతనితో మాటకు దిగి నెగ్గినవాడు లేడు. కానీ ఆ శుక్రవారం పొద్దున అతను వాదించింది నెగ్గడానికి కాదు, తప్పించుకోవడానికి.

అతని అన్న దస్తగిరి ఆ సాయంత్రమే హజ్‌కు బయలుదేరుతున్నాడు. హజ్‌కు వెళ్ళేవాడు అయినవాళ్ళందరినీ కలిసి, 'తప్పులుంటే మన్నించండి' అని అడిగి మరీ కదలడం ఆనవాయితీ. తమ్ముడికి మూడుసార్లు కబురు పెట్టాడు. జిలానీ కదల్లేదు.

నిజానికి మన్నించమని అడగాల్సింది జిలానీయే. ఆరేళ్ళ కిందట తండ్రి ఖననం నాడు, "నాన్నను నువ్వే చంపావు, మందు కూడా ఇప్పించలేదు" అని పదిమందిలో అన్నమీద విరుచుకుపడ్డాడు. ఆ అన్నే తండ్రిని వీపున మోసుకుని మూడు ఆసుపత్రులు తిరిగాడని తర్వాత తెలిసింది. తెలిశాక ముఖం చెల్లలేదు. ఖాన్‌ఖాలోనే ఉండిపోయాడు.

"హజ్రత్, నేను వెళ్తానో లేదో అల్లాహ్‌కు సృష్టికి ముందే తెలుసు" అన్నాడు గురువు కమాల్ షాతో. "ఆయనకు తెలిసింది జరగక మానదు. ఇక నా చేతిలో ఏముంది?"

కమాల్ షా బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు. "ఆయనకు తెలుసు, సరే. నీకు తెలుసా?"

"తెలియదు."

"అయితే ఆయన పని ఆయనకు వదిలెయ్, బేటా."

జిలానీకి అది జవాబులా అనిపించలేదు.

గుమ్మం దగ్గర చెప్పులు సర్దడం అతని వంతు. వచ్చినవాళ్ళు విడిచిన చెప్పుల్ని, వెళ్ళేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా వీధి వైపు తిప్పిపెట్టడం అక్కడి మర్యాద. తన జతను మాత్రం లోపలి వైపే ఉంచేవాడు. ఎక్కడికీ వెళ్ళనివాడికి ఆ మర్యాద ఎందుకు? అయినా ప్రతి శుక్రవారం ఎవరో వాటినీ తిప్పేసేవారు. "కళ్ళు నెత్తికెక్కాయా? నా చెప్పుల జోలికి రావద్దన్నానా?" అని ఆరేళ్ళుగా కొత్త శిష్యులను కసురుతూనే ఉన్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు కాగానే, దొంగను పట్టుకోవాలని తలుపు వెనక మాటు వేశాడు.

వచ్చింది కమాల్ షా. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి గోడ పట్టుకుని వంగి, జిలానీ చెప్పులు వీధి వైపు తిప్పాడు. వాటి మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. నడుము పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

జిలానీకి ఏడుపు ముంచుకొచ్చింది. ఒక్క వాదనా గుర్తు రాలేదు. గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ ఆపలేదు. చెప్పులు తొడుక్కున్నాడు.

అన్న ఇల్లు చేరేసరికి వీధంతా జనం. మెడనిండా పూలదండలతో దస్తగిరి వ్యాను ఎక్కబోతున్నాడు. తమ్ముణ్ణి చూసి వెనక్కి వచ్చాడు. "జిలానీ, నావల్ల ఏమైనా తప్పు..."

జిలానీ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "అన్నా, ఆ మాట నాది, నన్ను అననీ. ఆ రోజు నేనన్నది అబద్ధం. పదిమందిలో అన్నాను, పదిమందిలోనే చెబుతున్నా. నన్ను మన్నించు."

దస్తగిరి తన దండ ఒకటి తీసి తమ్ముడి మెడలో వేసి, గట్టిగా వాటేసుకున్నాడు.

వ్యాను వెళ్ళిపోయాక జిలానీ తిరిగొచ్చి గురువు ఎదుట కూర్చున్నాడు. మెడలో దండ ఇంకా ఉంది. లోపలి వాదనా ఇంకా ఉంది.

"నేను వెళ్తానని మీకు ముందే తెలుసా, హజ్రత్?"

"ఏదో ఒకనాడు వెళ్తావని తెలుసు."

"అయితే నన్ను నడిపించింది మీకు తెలిసిన ఆ సంగతేనా?"

కమాల్ షా నవ్వాడు. "ఆరేళ్ళుగా నీ చెప్పులు తిప్పుతూనే ఉన్నాను. ఒక్కనాడైనా అవి నిన్ను మోసుకెళ్ళాయా?"

జిలానీ దుమ్ము కొట్టుకున్న తన పాదాల వంక చూసుకున్నాడు.