బల్లి కుబుసం ఎవరికీ ఎందుకు దొరకదు?

ఒకప్పుడు బల్లులు గోడల మీద ఉండేవి కావు. కొండ మీద, ఊట పక్కన, తడి రాళ్ళ సందుల్లో ఉండేవి. ఇప్పుడు మనం చూసే ఈ పాలిపోయిన రంగు వాటికి అప్పట్లో లేనే లేదు. ఒకటి పసుపు, ఒకటి నారింజ, ఒకటి ఇటుక ఎరుపు. ఒకదానికి మచ్చలు, ఇంకొకదానికి చారలు. అవన్నీ ఎండకు బయటికి వస్తే కొండ మీద చీరలు ఆరేసినట్టు ఉండేదట. నేను చూళ్ళేదు. చూసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు కాబట్టి నా మాట నమ్మడం తప్ప మీకు వేరే దారి లేదు.

ఆ కొండ కింద, వాగు ఒడ్డున, అద్దకం వాళ్ళ వీధి ఉండేది. బట్టలకు రంగులు వెయ్యడం వాళ్ళ పని. పొద్దున లేచింది మొదలు రంగే వాళ్ళ మాట, రంగే వాళ్ళ ముచ్చట. జ్వరమొచ్చి మూలుగుతున్న మనిషిని చూసి కూడా, "అబ్బ, బుగ్గలకు ఎంత మంచి ఎరుపొచ్చిందో!" అని మురిసిపోయే రకం.

వాళ్ళకో అలవాటు ఉండేది. ప్రతి ఇంటివాళ్ళూ సంతలో ఒక బల్లిని కొనుక్కొచ్చి, వెదురు బుట్టలో పెట్టి, రంగు కుండల పక్కన వేలాడదీసేవాళ్ళు. కుండలోంచి తీసిన బట్టను ఆ బల్లి పక్కన పెట్టి చూసేవాళ్ళు. బల్లి వీపూ బట్టా కలిసిపోతే రంగు కుదిరినట్టు. కలవకపోతే బట్ట మళ్ళీ కుండలోకి పోవాల్సిందే.

అందుకే బల్లిని కొనేటప్పుడు వాళ్ళ హడావిడి చూడాలి! ఎండలో పెట్టి చూసేవాళ్ళు. నీడలో పెట్టి చూసేవాళ్ళు. "ఇది పండు పసుపు", "అది గోరింట ఎరుపు", "ఇదుగో, ఇది తేనె చార" అని పేర్లు పెట్టేవాళ్ళు. ఆ బల్లి ఏమైనా తిన్నదా, దాని ఒంట్లో ఎలా ఉంది అని మాత్రం ఒక్కరూ అడిగేవాళ్ళు కారు.

ఆ వీధి చివరి ఇంట్లో నూకాలు ఉండేది. ఒంటరి మనిషి. వాళ్ళ అమ్మ పైడమ్మ బతికున్న రోజుల్లో ఒక చీరకు రంగు వేసింది. అది తెలుపు కాదు, నీలం కాదు, బూడిద రంగూ కాదు. చూస్తే వెన్నెల గుర్తొచ్చేది. ఆ రంగు ఎలా వేసిందో పైడమ్మ ఎవరికీ చెప్పలేదు. చెబుదాంలే, చెబుదాంలే అనుకుంటూనే కన్నుమూసింది. చీర కూడా ఉతికి ఉతికి వెలిసిపోయి, చిరిగి, మసిగుడ్డలైపోయింది.

నూకాలు ఆ రంగు కోసం వెయ్యని ఆకు లేదు, ఉడకబెట్టని బెరడు లేదు. ఎన్ని చేసినా అది రాలేదు. అమ్మ గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ఆ రంగు కావాలనిపించేది. ఆ రంగు గుర్తొచ్చినప్పుడల్లా అమ్మ కావాలనిపించేది. రెండు బెంగలూ కలిసి ఒకటే అయిపోయాయి.

ఒక సంతరోజున నూకాలు ఒక బల్లిని బేరం చేసింది. పండు పసుపు ఒళ్ళు, దాని మీద మిరియాలు చల్లినట్టు నల్ల చుక్కలు. నూకాలు దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎండకు తిప్పింది, నీడకు తిప్పింది.

"రంగు చూడ్డం అయిందా తల్లీ?" అంది బల్లి. "నా తోక కూడా ఒకసారి చూడు."

"తోకలో ఏటుంటుందే?"

"అంతా అక్కడే ఉంటుంది. తోక బొద్దుగా ఉంటే మేము కులాసాగా ఉన్నట్టు. సన్నబడితే తిండి పోవట్లేదనో, ఏదో బెంగ పట్టుకుందనో అర్థం. కళ్ళు చూడు, వేళ్ళు చూడు. రంగుదేముంది, చచ్చిన సీతాకోకచిలుకకీ ఉంటుంది రంగు!"

నూకాలుకు నవ్వొచ్చింది. "నోరు మాత్రం బొద్దుగానే ఉంది" అని దాన్ని బుట్టలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

రోజూ దానికి పురుగులు పట్టి పెట్టేది. సాయంత్రం కుండల కింద మంట ఆర్పాక, బుట్ట పక్కన చతికిలబడి కబుర్లు చెప్పేది. ఏ కబురు మొదలుపెట్టినా అమ్మ దగ్గరికే పోయేది. బల్లి ఏ కబురు మొదలుపెట్టినా ఊట దగ్గరికే పోయేది.

"ఊట పక్కన ఒక రాయుంది. ఎండాకాలంలో కూడా తడిగా ఉంటుంది. దాని మీద పొట్ట ఆనించి పడుకుంటే ఎంత చల్లగా ఉంటుందో! మా వాళ్ళందరూ అక్కడే ఉంటారు. ఇప్పుడు నన్ను వెతుక్కుంటూ ఉంటారు."

"నువ్వెళ్ళిపోతే నేనెవరితో మాట్లాడను?" అనేది నూకాలు. బల్లి బుట్ట సందుల్లోంచి కొండ వైపు చూసేది.

ఒకరోజు పొద్దున్నే నూకాలు బుట్ట మూత తీసింది. తీసిన మూత తీసినట్టే చేతిలో ఉండిపోయింది. బల్లి పసుపుగా లేదు. నల్ల చుక్కలు లేవు. ఒళ్ళంతా తెలుపు కాదు, నీలం కాదు, బూడిదా కాదు. అచ్చం అమ్మ చీర!

నూకాలు కేక విని వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. అందరికంటే పెద్దవాడు గవరయ్య బల్లిని ఎండకు పట్టి చూశాడు, నీడకు పట్టి చూశాడు. "నేను పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి రంగు చూళ్ళేదే నూకాలూ! ఇదేటో కొత్త జాతి. దీనికి పేరు పెట్టాలి" అన్నాడు. ఒకరు వెన్నెల బల్లి అన్నారు, ఒకరు ముత్యాల బల్లి అన్నారు. పేరు దగ్గర ఇద్దరు కొట్టుకున్నంత పనైంది.

"అయ్యల్లారా, అమ్మల్లారా, ఇది రంగు కాదు" అంది బల్లి. "కుబుసం. పాత చర్మం వదులవుతోంది. కాసిని నీళ్ళు చల్లారంటే ఊడిపోతుంది."

ఆ మాట ఎవరికి కావాలి? అందరూ దాని వీపు చూస్తున్నారు గానీ దాని నోరు చూడ్డం లేదు. నూకాలు ఒక్కతే విన్నది.

"ఊడిపోతే ఈ రంగు?" అంది మెల్లగా.

"దాంతోనే పోతుంది."

నూకాలు నీళ్ళు చల్లలేదు. పైగా తడి తగలకూడదని బుట్టను కుండల దగ్గర్నుంచి తీసేసి, పొయ్యి పక్కన వెచ్చని చోట పెట్టింది. "ఒక్క రోజు ఓర్చుకో నా బంగారు తల్లీ. ఈ రంగు బట్ట మీదికి తెచ్చేస్తాను. తెచ్చాక వాగంతా నీదే" అని బతిమాలింది.

కరక్కాయ నీళ్ళలో ముంచింది. పటిక కలిపింది. నీలిమందు చిటికెడు వేసింది, చిటికెడు తగ్గించింది. బట్ట తీసి బల్లి పక్కన పెట్టి చూస్తే దగ్గర దగ్గరగా ఉన్నట్టే ఉండేది. ఆరాక చూస్తే ఎక్కడో దూరంగా ఉండేది. "రేపు" అంది. మర్నాడు కూడా "రేపు" అంది.

బల్లి చర్మం ఎండి ఒంటికి అతుక్కుపోయింది. వేళ్ళ చుట్టూ దారం చుట్టినట్టు బిగుసుకుపోయింది. పురుగు పెడితే తల తిప్పుకునేది. "అమ్మా, వేళ్ళు నొప్పి" అనేది. "కాసిని నీళ్ళు" అనేది. ఆ తర్వాత అనడం కూడా మానేసింది.

నూకాలు బట్టలు జాడించడానికి వాగుకు వెళ్ళింది. ముంచిన బట్టను చేతిలోంచి లాగి పట్టుకుని వాగు అడిగింది.

"నూకాలూ, నీ ఇంట్లో బల్లి నీళ్ళకోసం పిలిచే పిలుపు ఇంత దూరం నాకు వినిపించేది. రెండు రోజులుగా వినపడ్డం లేదు. ఏటైంది?"

నూకాలు బట్టను తనవైపు లాక్కుంది. "మా అమ్మ కూడా నీలోనే బట్టలు జాడించేది కదా. ఆ వెన్నెల రంగు నీకు గుర్తుందా?" అంది.

"ఎందుకు గుర్తులేదు? ఉతికిన ప్రతిసారీ కొంచెం కొంచెం నాలోకే వచ్చింది."

"అయితే ఇచ్చెయ్యవే! నీకు దండం పెడతాను, ఇచ్చెయ్యి!"

"నేను దేన్నీ దాచుకోనమ్మా. వచ్చింది వచ్చినట్టు సముద్రానికి పంపేస్తాను. దాచుకుంటే నేను వాగునెలా అవుతాను, మురికిగుంటనవుతాను గానీ" అంది వాగు. "మీ అమ్మ రంగు నా దగ్గర లేదు. బల్లికి కావలసిన నీళ్ళున్నాయి. తీసుకెళ్తావా?"

నూకాలుకు ఒళ్ళు మండింది. బట్ట పిండకుండానే భుజాన వేసుకుని విసవిసా ఇంటికి వచ్చింది. వచ్చి బుట్ట మూత తీసింది. ఇన్నాళ్ళూ ఆ బల్లి వీపు తప్ప ఇంకేమీ చూడని మనిషి, ఆరోజు ఎందుకో దాని తోక చూసింది. బొద్దుగా ఉండే తోక చీపురు పుల్లలా అయిపోయింది. కళ్ళు మూతలు పడిపోతున్నాయి.

"అయ్యో, నా తల్లీ! నేనేం చేశాను!"

భుజం మీది తడిబట్టలోనే దాన్ని చుట్టి వాగుకు పరుగెత్తింది. ఒడ్డున కూర్చుని, దోసిలితో నీళ్ళు తెచ్చి, చుక్క చుక్కగా పోసింది. చర్మం నానింది. తడిబట్ట కొసతో ఒక్కొక్క వేలూ తుడుస్తూ, ఒక్కొక్క పొరా వదిలించింది. ఆ చర్మం వస్తుంటే అమ్మ చీర కొంగు చేతిలోంచి జారిపోతున్నట్టే ఉంది. ఏడుస్తూనే వదిలించింది. పొద్దువాలే వేళకు కుబుసం మొత్తం ఊడి ఆమె అరచేతిలోకి వచ్చింది.

కింద పండు పసుపు లేదు, నల్ల చుక్కలు లేవు. అన్నాళ్ళు గాలీ తడీ తగలక కొత్త చర్మానికి రంగే పట్టలేదు. పాత మట్టిగోడలా వెలవెలబోతోంది.

"నీ పసుపు కూడా పోగొట్టాను" అంది నూకాలు.

"పోతే పోయింది. వేళ్ళు కదులుతున్నాయి" అంది బల్లి. అంతకంటే దానికి ఏమీ అక్కర్లేదు.

వీధిలోవాళ్ళు వచ్చి చూసి పెదవి విరిచారు. "ఇదేం రంగు? ఎందుకూ పనికిరాదు" అని వెళ్ళిపోయారు. ఈ సంగతంతా వాగు చెబితే విని, కొండమీది రంగుల బల్లులు భయపడి మూటాముల్లె సర్దుకుని దూరదేశాలకు వెళ్ళిపోయాయి. నూకాలు బుట్ట మూత తీసేసి, "వెళ్ళు తల్లీ, నీ ఊట దగ్గరికి వెళ్ళు" అంది. కానీ ఆ వేళ్ళకు కొండెక్కే సత్తువ ఏది? ఎక్కినా అక్కడ ఎవరున్నారు? బల్లి నెమ్మదిగా పాకి నూకాలు ఇంటి గోడ ఎక్కింది. గోడ రంగులో కలిసిపోయి, కొండ కనిపించే కిటికీ పక్కన కూర్చుంది. పురుగులు పట్టుకుని తింటూ మెల్లమెల్లగా కోలుకుంది. దాని తోక మళ్ళీ బొద్దుగా అయింది.

నూకాలు మాత్రం కోలుకోలేదు. ఆ కుబుసాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. వెలుతురుకు పట్టి చూస్తే అందులో రంగేమీ లేదు, అటువైపు గోడ కనిపించేది. అరచేతిలో పెట్టి వంగి చూస్తేనే వెన్నెల. అందుకని వంగి చూస్తూనే ఉంది. పొయ్యి రాజెయ్యలేదు. నీలిమందు కుండ పులిసిపోయింది. అన్నం తినమని ఇరుగుపొరుగు వచ్చి చెబితే, చెయ్యి తీస్తే కుబుసం నలిగిపోతుందని తియ్యలేదు.

గోడ మీంచి బల్లి ఇదంతా చూస్తోంది. మనుషులకు తోక ఉండదు కాబట్టి నూకాలు మణికట్టు వైపు చూసింది. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.  తనకు తెలిసిన జబ్బే అది.

ఒక మధ్యాహ్నం నూకాలు కూర్చున్నచోటే గోడకు జారగిలబడి కునుకు తీసింది. బల్లి గబగబా కిందికి దిగింది. ఆమె అరచేతిలోకి ఎక్కి, ఆ కుబుసాన్ని కొస నుంచి మొదలుపెట్టి తినేసింది. ఆఖరి ముక్క మింగుతుండగా నూకాలుకు మెలకువ వచ్చింది.

"నా వెన్నెల ఏదే?"

"తినేశాను."

"ఎంత పని చేశావే! మా అమ్మది ఇంకేటి మిగిలింది నాకు?"

"నువ్వు మిగిలావు" అంది బల్లి. "అది నా పాత తోలు తల్లీ. మీ అమ్మ కాదు. నీ చేతిలో అది ఉన్నంతకాలం ఆ చేత్తో నువ్వు ముద్ద కలుపుకోవు. నన్ను తిట్టు, కొట్టు. ముందు అన్నం తిను."

నూకాలు వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ పోయినరోజు కూడా అంత ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి, ఖాళీ అయిన అరచేతిని తిప్పి చూసుకుంది. తర్వాత లేచి మొహం కడుక్కుని, పొయ్యి రాజేసింది.

ఆ తర్వాత ఆమె ఎన్నో మంచి రంగులు వేసింది. ఆ వెన్నెల రంగు మాత్రం రాలేదు. కావాలనిపించడం కూడా మానలేదు. అది మానే బెంగ కాదు.

ఇది జరిగాక బల్లికి మళ్ళీ కుబుసం వదిలే సమయం వచ్చింది. ఒళ్ళు తెల్లబడుతుంటే కింద నూకాలు పని ఆపి, తలెత్తి, దాని వైపే చూస్తోంది. బల్లి దూలం వెనక్కి తప్పుకుని, నోటితో చర్మం లాగి, లాగినదాన్ని లాగినట్టే మింగేసింది. తర్వాత గోడ సందులో పుట్టిన, తన రంగే వచ్చిన పిల్లలకూ అదే నేర్పింది.

అప్పటినుంచే బల్లులు గోడల రంగులో గోడల మీద ఉంటున్నాయి. అప్పటినుంచే బల్లి తన కుబుసాన్ని ఎక్కడా వదిలిపెట్టదు. పాముది పుట్ట దగ్గర దొరుకుతుంది, రొదపెట్టే చిమటది చెట్టుకు వేలాడుతూ దొరుకుతుంది. బల్లిది మాత్రం ఎంత వెతికినా దొరకదు. దాన్ని పట్టుకుని ఎవరూ బెంగతో కూర్చోకూడదని, వేళ్ళ చివరి పొరతో సహా తానే తినేస్తుంది.