ఘాటు లేని లవంగాలు

జిలానీకి వచ్చిన కష్టం ఏమిటంటే, సర్బత్తులో లవంగం తెలియడం లేదు. పొద్దున్నుంచి వేస్తూనే ఉన్నాడు. ఎంత వేసినా తెలియడం లేదు.

ఈ జిలానీ ఎవరో ముందు చెప్పాలి కదా. పెన్న ఒడ్డున ఉండే లతీఫ్ షా బాబా శిష్యుల్లో ఒకడు. ఆ బాబా చల్లని మనిషి. ఆయన పేరు తలుచుకుంటేనే నాకు మనసు కుదుటపడుతుంది. వాళ్ల గురువుగారి ఉరుసు, అంటే వర్ధంతి జాతర, వచ్చిందంటే, ఎండన పడి నడిచొచ్చే జనానికి ముందు సర్బత్తు పోయాలి, తర్వాతే దువా. ఎవరు, ఏ ఊరు అని అడిగే పనే లేదు. దాహంతో వచ్చారు, అంతే. ఆ ఏడు సర్బత్తు పని జిలానీకి అప్పగించారు.

పనివాడే, కాదనను. నారింజ తొక్క పైపొర మాత్రమే గీరి, పంచదారతో నలిపి, తొక్కలోని నూనె పంచదారకు పట్టేదాకా మూతపెట్టేవాడు. కింది తెల్లపొర తగిలితే చేదని తెలుసు. ఆ పంచదారలో నీళ్లు పోసి, దాల్చినచెక్క, లవంగాలు, కాస్త జాజికాయ వేసి పాకం కాచేవాడు. అది చల్లారాకే నిమ్మరసం పిండేవాడు. ఆ చిక్కటి పాకం జాడీలో ఉంటే చాలు, గ్లాసెడు కుండనీళ్లలో ఒక గరిటె కలిపి ఇవ్వడమే.

రుచి మాత్రం ఇంకెవర్నీ చూడనిచ్చేవాడు కాదు. “చేసినవాడి నాలుక ఒక్కటే ఉండాలి. నలుగురూ నాలుక పెడితే అది సర్బత్తు కాదు, సంత” అనేవాడు.

లవంగాలు దంచి ఇచ్చేది చాంద్బీ. భర్త పోయాక నిలువనీడ లేక ఆ వంటింట్లోనే తలదాచుకుంటున్న పెద్దావిడ.

ఉరుసు పొద్దున జిలానీ పాకం చుక్క నాలుక మీద వేసుకున్నాడు. లవంగం చాలలేదు. ఇంకాస్త దంచమన్నాడు. మళ్లీ చుక్క. చాలలేదు. మళ్లీ దంచమన్నాడు. మళ్లీ చుక్క. చివరికి విసుగొచ్చింది.

“ఏమ్మా, లవంగాలు దంచుతున్నావా, కొంగున కట్టుకుంటున్నావా?”

చాంద్బీ చేతిలోని రోకలిబండ కింద పెట్టేసింది. “కొంగు విప్పి దులుపుతా, చూసుకో నాయనా. నీ లవంగాలు అమ్ముకుని మేడలు కట్టాలా నేను?”

“మరి ఘాటు ఎక్కడికి పోయింది?”

“నన్నడుగుతావేం? దాన్నే అడుగు.”

మీరు నవ్వుతున్నారు గానీ, ఆమెకు అది నవ్వులాట కాదు. దొంగ అన్న పేరు పడితే ఆ వంటిల్లు కూడా ఉండదు.

జిలానీ తిన్నగా బాబా దగ్గరికి వెళ్లాడు. ఆయన సద్దన్నంలో మజ్జిగ పోసుకుని తింటున్నారు. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ.

“బాబా, చాంద్బీని వంటింట్లోంచి పంపించెయ్యండి. ఆవిడుంటే నేను సర్బత్తు చెయ్యను.”

“ఏం చేసింది?”

“లవంగాలు కాజేస్తోంది.”

“చూశావా?”

“చూడక్కర్లేదు బాబా. నా నాలుక చెబుతోంది.”

బాబా పచ్చిమిరపకాయను రెండుగా తుంచి, ఒక ముక్క జిలానీ చేతిలో పెట్టారు. రెండోది తన నోట్లో వేసుకున్నారు.

“తిను బేటా.”

గురువు చేత్తో పెడితే కాదంటాడా? నోట్లో వేసుకుని నమిలాడు.

అంతలో బాబాకు కళ్లూ ముక్కూ కారిపోయాయి. ఎక్కిళ్లు పట్టుకున్నాయి. మజ్జిగ ముంత ఎత్తి గటగటా తాగేశారు. జిలానీ దోసకాయ ముక్క నమిలినట్టు నములుతూనే, “ఏమైంది బాబా?” అని కంగారుపడ్డాడు.

“నాకేం కాలేదు. నీకెలా ఉంది?”

“చప్పగా ఉంది బాబా. దీన్లో కారమే లేదు.”

బాబా తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు.

“అలాగా. అయితే కారం కూడా చాంద్బీయే తీసేసి ఉంటుంది.”

జిలానీ నమలడం ఆపాడు. బాబా మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టారు.

వంటింట్లో చాంద్బీ తన చీరలు మూట కట్టుకుంటోంది. జిలానీ జాడీలోంచి గరిటెడు పాకం తీసి, గ్లాసు నీళ్లలో కలిపి ఆమె ముందు పట్టుకున్నాడు.

“నా నాలుక పెట్టొచ్చా?” అందామె.

“చూడమ్మా.”

ఒక్క గుక్క తాగి మొహం చిట్లించింది. “ఇదేం సర్బత్తు నాయనా, పంటినొప్పి మందులా ఉంది! నాలుక మొద్దుబారిపోయింది.”

జిలానీ పెద్ద గిన్నెలో నీళ్లూ పంచదారా పోసి, వేరే పాకం పొయ్యి మీద పెట్టాడు. లవంగాల డబ్బా జోలికి పోలేదు. బయట అప్పుడే జనం గొంతులు వినిపిస్తున్నాయి.

ఆ పాకం చల్లారాక, జాడీలోది దాంట్లో కొద్దికొద్దిగా వంపుతూ, ప్రతిసారీ ఒక చుక్క చాంద్బీ అరచేతిలో వేశాడు. తన నోట్లో వేసుకోలేదు.

“ఇక చాలా, అమ్మా?”

“ఇంకాస్త పొయ్యి నాయనా” అంది చాంద్బీ.